ఏడాదిలో స్వరాజ్యం: కాలేజీ వదిలిన కుర్రాళ్ళ లెక్క

చదువు మధ్యలో మానేసి గొప్పవాళ్ళయిన వారి జాబితా ఒకటి నా ఫోనుకి నెలకు రెండుసార్లయినా వస్తోంది. బిల్ గేట్స్ హార్వర్డ్ వదిలేశాడు, స్టీవ్ జాబ్స్ రీడ్ కాలేజీ వదిలేశాడు, కాబట్టి డిగ్రీలో ఏముంది అని దాని సారాంశం. పంపేవాళ్ళలో ఇంజనీరింగ్ సీటుకి లక్షలు కట్టిన తండ్రులు కూడా ఉన్నారు, అదేం సరదానో నాకు తెలియదు. రక్షణ శాఖ ఖాతాల్లో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసినవాడిని. ఎవరైనా జాబితా ఇస్తే అందులో ఉన్నవాటికంటే లేనివాటి గురించే ముందు అడుగుతాను. తిరుపతిలో తలనీలాలిచ్చే వరసలో కోరిక తీరినవాళ్ళే కనిపిస్తారు. తీరనివాళ్ళు మొక్కు చెల్లించడానికి రారు కదా, వాళ్ళని ఎవరు లెక్కపెట్టారు?

మన దేశంలో వేలమంది విద్యార్థులు ఒక్కసారిగా కాలేజీలు వదిలిన సందర్భం ఒకటుంది. 1920-22 సహాయ నిరాకరణోద్యమం. ఆ వేలమందిలో మనకు పేర్లు తెలిసినవాళ్ళు పదిమందో ఇరవైమందో. వాళ్ళ ఫొటోలు గోడల మీద ఉన్నాయి. మిగిలినవాళ్ళ సంగతి కూడా కలిపి చూద్దామని ఈ వ్యాసం.

ముందు కాగితం చూద్దాం. 1920 సెప్టెంబరులో కలకత్తాలో జరిగిన ప్రత్యేక కాంగ్రెసు ప్రభుత్వ విద్యాలయాలను క్రమంగా వదలాలని తీర్మానించింది. ఆ సభకు అధ్యక్షుడు లాలా లజపతిరాయ్. స్కూళ్ళ బహిష్కారం తనకు నచ్చలేదని ఆయన ఆ సభలోనే చెప్పేశారు. డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసు ఇంకో అడుగు ముందుకేసింది. పదహారేళ్ళలోపు పిల్లల్ని తల్లిదండ్రులు మాన్పించాలి. పదహారు నిండినవాళ్ళు పర్యవసానాలు చూసుకోకుండా తక్షణం బయటికి రావాలి, అయితే అక్కడ చదవడం తమ అంతరాత్మకు విరుద్ధమని అనిపిస్తేనే. వచ్చినవాళ్ళు ఉద్యమంలో పనిచెయ్యాలి, లేదా జాతీయ విద్యాలయాల్లో చదువు కొనసాగించాలి.

ఈ తీర్మానంలో 'పర్యవసానం చూడొద్దు' అన్నదీ ఉంది, 'నీ అంతరాత్మ ఒప్పుకోకపోతేనే' అన్న షరతూ ఉంది. ఆఫీసుల్లో మంజూరు ఉత్తర్వులు చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. మంజూరు మొదటి వాక్యంలో ఉంటుంది, షరతు రెండో వాక్యంలో ఉంటుంది, అమలు చేసేవాడు మొదటిదే చదువుతాడు. వేదికల మీద జరిగింది కూడా అదే. కలకత్తాలో 1921 మొదట్లో కొందరు విద్యార్థులు పరీక్ష హాలు గుమ్మాల ముందు అడ్డంగా పడుకున్నారు. లోపలికి వెళ్ళి పరీక్ష రాయాలంటే తోటివాడి ఒంటి మీదుగా దాటి వెళ్ళాలి. అంతరాత్మ షరతు అక్కడ ఏమైందో మీరే ఆలోచించండి. ఈ పద్ధతి అనాగరికమని యంగ్ ఇండియాలో రాసింది గాంధీయే. ఆ మాట ఆయన జమలో వెయ్యాలి.

ఖర్చు వైపు వెయ్యవలసింది ఇంకొకటుంది. ఏడాదిలో స్వరాజ్యం వస్తుందన్న హామీ. దానికీ షరతులున్నాయి, నిజమే. 1921 మార్చి ఆఖరున బెజవాడలో కూర్చున్న కాంగ్రెసు కమిటీ వాటికి అంకెలు కూడా వేసింది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు, అన్నీ జూన్ 30 లోగా. కోటి రూపాయలు నిజంగానే వసూలయ్యాయి. మా వృత్తివాళ్ళు మెచ్చుకోవలసిన విషయం. కానీ 1921 డిసెంబరు 31 వచ్చింది, వెళ్ళింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో పోలీసుల్ని తగలబెట్టిన తర్వాత బార్డోలీలో ఉద్యమమే ఆగిపోయింది. జ్యోతిష్కుడు తారీఖు చెబితే మనం డైరీలో రాసుకుని ఆ రోజు వెళ్ళి అడుగుతాం. ఇక్కడ కూడా అడగవలసిందే. మహాత్ముడు చెప్పాడని తారీఖు మినహాయింపు పొందదు.

ఎందుకింత పట్టింపు అంటే, కుర్రాళ్ళు వేసుకున్న లెక్కంతా ఆ తారీఖు మీదే ఆధారపడింది. ఏడాది చదువు పోతుంది, తర్వాత మన ప్రభుత్వం, మన విశ్వవిద్యాలయాలు. ఏడాది నష్టం ఎవరైనా భరిస్తారు. జీవితకాలపు ఖర్చుని ఏడాది ఖర్చని రాస్తే దాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

మా అమ్మమ్మ అన్నగారు ఒకాయన అలా వచ్చేసినవాడే. 1921లో ఇంటర్మీడియట్ రెండో ఏడు. నేను బి.కామ్ చదివే రోజుల్లో ఆయనకు డెబ్బై అయిదు దాటాయి, ఖద్దరు తప్ప కట్టేవాడు కాదు. ఒకసారి సెలవులకు వెళ్ళినప్పుడు అడిగాను. "తాతయ్యా, పరీక్ష రాసి మానేస్తే ఏం పోయేది?"

"ఒరే అబ్బాయ్, పరీక్ష ఫీజు కట్టేశాక వచ్చేశాంరా మేము. అందరూ లేచారు, నేనూ లేచాను. ఏడాదే కదా అనుకున్నాం. ఫీజు మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది. అవి మళ్ళీ ఇంటికి రాలేదు."

అంతకుమించి ఆయన చెప్పలేదు. పశ్చాత్తాపం ఉన్నట్టూ లేదు, గొప్పగా చెప్పినట్టూ లేదు. తర్వాత జీవితమంతా రైసు మిల్లులో గుమాస్తా. జైలుకు వెళ్ళలేదు గనక స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కూడా లేదు. 1972లో మొదలైన ఆ పథకం నిబంధనలు నేను తర్వాత ఉద్యోగంలో చేరాక శ్రద్ధగా చదివాను. మామూలుగా ఆరు నెలల జైలు, లేదా అజ్ఞాతవాసం, ఆస్తి జప్తు, ప్రభుత్వోద్యోగం పోవడం, ఇలా అర్హతలున్నాయి. చదువు వదులుకోవడం అనే పద్దు అందులో లేదు. ఉండాలని నేననడం లేదు, రుజువు చెయ్యడం కష్టం కూడా. ఆ నష్టం ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదన్నదే నా మాట.

మొత్తం మీద ఎంతమంది? దేశంలో ఆర్ట్స్ కాలేజీల విద్యార్థుల సంఖ్య 1919-20లో సుమారు 52 వేలు, 1921-22లో సుమారు 46 వేలు. ఎనిమిదో వంతు తగ్గింది. ఇది నికర సంఖ్య అని గుర్తుంచుకోవాలి. వెళ్ళి మూడు నెలలకే తిరిగొచ్చినవాళ్ళు ఇందులో కనబడరు, కొత్తగా చేరినవాళ్ళు వెళ్ళినవాళ్ళని కొంత కప్పేస్తారు. కాబట్టి ఒక్కసారైనా బయటికి వచ్చినవాళ్ళు ఈ తేడా కంటే ఎక్కువే ఉంటారు.

ఇప్పుడు గోడ మీద ఫొటోలవాళ్ళ సంగతి. జయప్రకాశ్ నారాయణ్ 1921 జనవరిలో పాట్నా కాలేజీలో సైన్సు విద్యార్థి, స్కాలర్‌షిప్పు వస్తోంది, పరీక్షకు నెల కూడా లేదు. మౌలానా ఆజాద్ ఉపన్యాసం విని వదిలేశారు. అప్పటికి ఆయనకు పద్ధెనిమిదేళ్ళు. పుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి భాగం. ఆయన చదువు మానలేదు, కాలేజీ మాత్రమే మానారు. 1921 ఫిబ్రవరిలో మొదలైన బీహార్ విద్యాపీఠంలో ఆ పరీక్షే పూర్తిచేశారు. పై చదువు అక్కడ లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఉంది కానీ దానికి ప్రభుత్వ సహాయం ఉంది గనక చేరనన్నారు. 1922లో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. ద్రాక్షతోటల్లో పనిచేశారు, హోటళ్ళలో గిన్నెలు కడిగారు, బర్క్‌లీలో ఫీజు పెరిగితే అయోవాకు మారారు, అక్కడినుంచి విస్కాన్సిన్, ఒహాయో. సైన్సుతో బయల్దేరినవాడు సమాజశాస్త్రంలో ఎం.ఏ. పట్టాతో, మార్క్సిస్టుగా 1929లో తిరిగొచ్చారు. ఉపన్యాసం విన్నది ఒక్కరోజు. దాన్ని ఒక దారిగా మార్చడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో ఎక్కువకాలం ఆయన భార్య ప్రభావతి సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు. పెళ్ళయి రెండేళ్ళకే భర్త వెళ్ళిపోయిన ఆ అమ్మాయి ఖర్చు ఎవరి పద్దులో రాయాలో నాకు తోచదు.

లాల్ బహాదుర్ శాస్త్రి కూడా ఆ జనవరిలోనే బడి వదిలినవారు. ఆయనది ఇంకా స్కూలు చదువే. తండ్రి పసితనంలోనే పోయారు, కుటుంబం బంధువుల ఆధారంతో బతుకుతోంది, ఇంట్లో వద్దన్నారు. 1921 ఫిబ్రవరిలో కాశీ విద్యాపీఠం మొదలైంది, శివప్రసాద్ గుప్తా డబ్బు పెట్టారు, భగవాన్ దాస్ నడిపారు. అందులో చేరి 1925లో పట్టా తీసుకున్నారు. ఆ పట్టా పేరే 'శాస్త్రి'. మన తెలుగువాళ్ళలో చాలామంది ఆయన్ని ఇప్పటికీ బ్రాహ్మణుడనుకుంటారు. కులాన్ని చెప్పే ఇంటిపేరు చిన్నప్పుడే వదిలేసిన కాయస్థుడాయన. ప్రభుత్వం గుర్తించని కాలేజీ ఇచ్చిన డిగ్రీ ఆయన ఇంటిపేరై కూర్చుంది.

లాహోరు సంగతి మన మిత్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. స్కూళ్ళ బహిష్కారం నచ్చలేదన్న లజపతిరాయే, బయటికి వచ్చిన పిల్లల కోసం అక్కడ నేషనల్ కాలేజీ పెట్టారు. నచ్చని నిర్ణయం తాలూకు బాధ్యత మోసిన మనిషిని నేను గౌరవిస్తాను. ఆ కాలేజీ నడిచింది బ్రాడ్‌లా హాలులో. చార్లెస్ బ్రాడ్‌లా ఎవరో మీకు తెలుసు. దేవుడి మీద ప్రమాణం చెయ్యనన్నందుకు బ్రిటిష్ పార్లమెంటులో ఏళ్ళ తరబడి కూర్చోనివ్వని నాస్తికుడు, 1889లో బొంబాయి కాంగ్రెసుకు వచ్చిన భారతమిత్రుడు. ఆయన పేరు మీద 1900లో కట్టిన ఆ భవనంలోకి డి.ఎ.వి. స్కూలు వదిలిన ఒక కుర్రాడు మెట్రిక్యులేషన్ లేకుండానే ప్రవేశం పొందాడు. అతడు భగత్‌సింగ్. యూరపు విప్లవాల చరిత్ర అక్కడ చదివాడు, ద్వారకాదాస్ లైబ్రరీ పుస్తకాలు నమిలేశాడు, ప్రశ్నించడం అక్కడే మొదలైందని తర్వాత తనే రాసుకున్నాడు. 1923లో ఇంట్లో పెళ్ళి నిశ్చయిస్తే ఆ కాలేజీ కూడా వదిలి కాన్పూరు వెళ్ళిపోయాడు. నాస్తికుడి పేరున్న హాలులో చదివినవాడు నాస్తికుడు కావడం కాకతాళీయమే, అందులో విధి లీల ఏమీ లేదు. అయినా తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

అలీగఢ్‌లో కూడా 1920 అక్టోబరులో చీలిక వచ్చింది. ఖిలాఫత్ వేడిలో పిలుపుకి మతం రంగు గట్టిగానే ఉంది, అది దాచనక్కర్లేదు. కానీ ఆ వచ్చేసినవాళ్ళు పెట్టుకున్న జామియా మిలియా ఇస్లామియా ఖిలాఫత్ ముగిశాక కూడా బతికింది. కారణం జాకిర్ హుసేన్ లాంటివాళ్ళు. అలీగఢ్ వదిలినవారిలో ఆయనొకరు. బెర్లిన్ వెళ్ళి అర్థశాస్త్రంలో డాక్టరేటు చేసి, 1926లో తిరిగొచ్చి, డబ్బుకు కటకటలాడుతున్న ఆ సంస్థను కొద్దిపాటి జీతంతో ఇరవై ఏళ్ళకు పైగా నడిపారు. ప్రభుత్వ సహాయం తీసుకోబోమని పుట్టిన జామియా ఇప్పుడు కేంద్ర విశ్వవిద్యాలయం, 1988 నుంచి.

అయితే ఇవన్నీ నిలబడిన సంస్థలు. బీహారు, ఒరిస్సాలలోనే నాలుగు వందలకు పైగా జాతీయ విద్యాలయాలు వెలిశాయి. వాటిలో చాలామటుకు ఉద్యమం చల్లబడగానే మూతపడ్డాయి. పట్టాకు గుర్తింపు లేదు, పంతులికి జీతం లేదు, కుర్రాడికి ఉద్యోగం లేదు. ఇది ముందే ఊహించలేని విషయం కాదు. బెంగాల్లో ఒకసారి జరిగిపోయింది. 1905లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఇలాగే విద్యార్థులు బయటికి వచ్చారు. 1906లో అరవింద ఘోష్ ప్రిన్సిపాలుగా నేషనల్ కాలేజీ వచ్చింది, కొన్నేళ్ళకే నీరసించింది. దానికి పక్కనే చేతిపని, ఇంజనీరింగు నేర్పడానికి పెట్టిన టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం నిలిచి, 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అయింది. బయట బతుకు తెరువు చూపించిన చదువే నిలబడింది. మన బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల వాళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు. పుస్తకాలతో పాటు చేతిపనులు కూడా పెట్టారు.

ఆ బెంగాల్ అనుభవాన్ని గుర్తుపెట్టుకుని 1921లో గాంధీకి ఎదురు చెప్పిన మనిషి రవీంద్రనాథ్ టాగోరు. ఆ మార్చిలో అమెరికానుంచి ఆండ్రూస్‌కి రాసిన ఉత్తరాల్లో ఒక పాత సంగతి చెప్పారు. స్వదేశీ రోజుల్లో కుర్రాళ్ళు గుంపుగా ఆయన దగ్గరికొచ్చి, మీరు ఆజ్ఞాపిస్తే కాలేజీలు వదిలేస్తామన్నారట. ఆయన ఆజ్ఞాపించలేదు. మాతృభూమి మీద ఈయనకు ప్రేమ ఉందా అని అనుమానపడుతూ కోపంగా వెళ్ళిపోయారట. ఒక చదువు తీసేసి దాని స్థానంలో శూన్యం పెట్టడానికి తనకు చేతులు రాలేదని ఆయన వివరణ. ఈ మాట అన్నది డిగ్రీల మీద మోజున్నవాడు కాదు. బళ్ళు నచ్చక మానేసినవాడు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరి పట్టా లేకుండానే 1880లో తిరిగొచ్చినవాడు. తనకోసం తను వదిలినవాడు, ఇతరులను ఆజ్ఞతో వదిలించడానికి ఒప్పుకోలేదు. గాంధీ జూన్‌లో జవాబిచ్చారు. ఆ విద్య మనల్ని బానిసల్ని చేస్తోంది, గుమాస్తాల్ని తయారుచేస్తోంది, దాన్ని వదలడమే ముందు పని, విత్తనం వేసే ముందు కలుపు తియ్యాలి కదా అన్నది ఆయన వాదం. గుమాస్తా చదువు గురించి గాంధీ అన్నది చాలావరకు నిజమే, నేనే సాక్ష్యం. కానీ కలుపు తీసినవాడు విత్తనం కూడా వెయ్యాలి. టాగోరు ఆ డిసెంబరులోనే శాంతినికేతన్‌లో విశ్వభారతిని విశ్వవిద్యాలయంగా ప్రారంభించారు. ఈ వాదంలో నా ఓటు టాగోరుకే.

మన వైపు రెండో విడత 1930లో వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు లయోలా కాలేజీ వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్ళారు, పదిహేడేళ్ళకే. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ వదిలిన నీలం సంజీవరెడ్డి తర్వాత రాష్ట్రపతి భవన్ దాకా వెళ్ళారు. అప్పటికి జాతీయ కళాశాలల ఊపు తగ్గింది, సుందరయ్యకు కాలేజీ స్థానంలో జైలు, పార్టీ, పుస్తకాలు దొరికాయి. తన పేరులోంచి 'రెడ్డి' తీసేసినవాడు, తెలంగాణ సాయుధ పోరాటం మీద వందల పేజీల చరిత్ర రాసినవాడు. ఏ విశ్వవిద్యాలయమూ పరీక్ష పెట్టకుండానే ఆ చదువు సాగింది. కాని ఆయనకు భూమి ఉన్న కుటుంబం ఉందన్న సంగతి కూడా రాసుకోవాలి. మా తాతయ్యకు గాజులున్న తల్లి మాత్రమే ఉంది.

1921లో ఉపన్యాసం విని లేచిన జయప్రకాశ్ నారాయణ్ 1974 జూన్‌లో పాట్నా గాంధీ మైదానంలో తనే ఉపన్యాసమిచ్చారు. సంపూర్ణ విప్లవం కోసం విద్యార్థులు ఒక ఏడాది కాలేజీలు వదలాలన్నారు. మళ్ళీ ఒక ఏడాదే. కొందరు వదిలారు. కొందరు పరీక్షలు రాశారు. వదిలినవాళ్ళలో మంత్రులైనవాళ్ళ పేర్లు మనకు తెలుసు.

ఇంకో విద్యార్థి ఉన్నాడు, ఈ కథలో ఎక్కడా కనబడడు. నాగపూర్ తీర్మానం జరిగిన రోజున ఆయన లండన్‌లో ఉన్నాడు. బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలేసి రావలసి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాడు. కామర్సు చదివినవాడిగా ఈ ఒక్క విషయం నాకు గర్వం. అక్కడ తోటి ఉపాధ్యాయులు మంచినీళ్ళ కుండ ముట్టుకోనివ్వలేదు. జీతంలో మిగిల్చి, స్నేహితుడి దగ్గర అప్పు చేసి, కొల్హాపూర్ మహారాజు ఇచ్చింది కలుపుకుని 1920లో మళ్ళీ ఓడెక్కాడు. కలకత్తాలో కుర్రాళ్ళు పరీక్ష హాలు ముందు పడుకున్న రోజుల్లో బి.ఆర్. అంబేద్కర్ లండన్ గ్రంథాలయాల్లో రూపాయి చరిత్ర తవ్వుతున్నారు. 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. వదలడానికి ముందు ఒకటి చేతిలో ఉండాలి. ఆయన జనానికి ఆ గేటు తెరిచి ఎన్నో ఏళ్ళు కాలేదు, లోపలికి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళను బయటికి రమ్మనడం ఏ అంతరాత్మకు సబబో ఆ తీర్మానం రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. అంబేద్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు.